సుజాత ఊరికి ఎలీశమ్మ

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందుల్లో ఆడపిల్లల హాస్టళ్లు ఒకదాని భుజం మీద ఒకటి పడుతున్నట్టు ఉంటాయి. వాటిలో మూలమలుపు దగ్గరున్న హాస్టల్లో ఎలీశమ్మ వంట చేస్తుంది. ఊరు ఇబ్రహీంపట్నం అవతల. పెళ్లయ్యాక భర్త ఆనంద్ కుమార్‌తో చంపాపేట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. అతను ఇళ్లకు రంగులు వేస్తాడు. ఎలీశమ్మ తెల్లారగానే షేర్ ఆటో ఎక్కి వచ్చేస్తుంది, మళ్లీ రాత్రి వంటకి కూరలు దించాకే ఇంటి ముఖం పడుతుంది.

ఆ హాస్టల్లో చదువుకోవడానికి వేరే గది లేదు. భోజనాల హాలే చదువుల హాలు. పిల్లలంతా గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు. ఒకమ్మాయి పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడుగుతుంది, మిగతావాళ్లు జవాబు చెబుతారు. వంటగదికీ హాలుకీ మధ్య గిన్నెలు అందించే కిటికీ ఒకటి ఉంది. ఆ కిటికీలోంచి పరీక్షలన్నీ ఎలీశమ్మ చెవిలో పడేవి. బుద్ధుడు పుట్టింది లుంబినిలో, జ్ఞానోదయం బోధ్‌గయలో, మొదట బోధించింది సారనాథ్‌లో, పోయింది కుశీనగరంలో. ఉల్లిపాయలు తరుగుతూ ఆవిడ కూడా పెదాల కింద జవాబులు చెప్పుకునేది. అవన్నీ కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్‌ల్లా పక్కపక్కనే ఉంటాయనుకునేది.

ఒకరోజు మౌనిక అనే అమ్మాయి పుస్తకంలో చూసి అడిగింది.

"జ్ఞానోదయానికి ముందు బుద్ధునికి పాయసం ఇచ్చిన స్త్రీ ఎవరు?"

"సుజాత" అన్నారు అందరూ ఒక్కసారిగా.

ఎలీశమ్మ కత్తిపీట వదిలేసి కిటికీ దగ్గరకు వచ్చింది. "ఎవలు గామె?"

"తెల్వదాంటీ. పుస్తకంల గంతే ఉంది."

"ఏం పాయసం? బియ్యందా, సేమ్యాదా?"

పిల్లలు నవ్వారు. మౌనిక మాత్రం నవ్వలేదు. ఫోన్‌లో వెతికి చదివి చెప్పింది. ఆయన తిండి మానేసి తపస్సు చేసి ఎముకల గూడైపోయాడట. ఒక పల్లెటూరి అమ్మాయి గిన్నెడు పాయసం తెచ్చి ముందు పెట్టిందట. అది తిన్నాక ఒంట్లోకి బలం వచ్చింది. వెళ్లి చెట్టు కింద కూర్చున్నాడు. అప్పుడే జ్ఞానం కలిగింది.

ఎలీశమ్మ కిటికీలోంచి హాల్లోకి తల పెట్టింది. "అంటే గామె పెట్టకపోతే గాయన ఏమయ్యేటోడు?"

"గది సిలబస్‌ల లేదాంటీ" అంది మౌనిక.

ఇన్నేళ్లుగా ఎంతమందికి వండి పెట్టిందో ఎలీశమ్మకే తెలియదు. తిన్నవాళ్లు ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో చేరారు. కొందరు వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లారు, కొందరు చెప్పకుండా వెళ్లారు. వండి పెట్టిన మనిషి పేరు ఇన్ని వందల ఏళ్లు నిలవడం, పరీక్షల్లో అడగడం ఆవిడకు నమ్మబుద్ధి కాలేదు. ఆ రాత్రి ఇంటికెళ్లి భర్తకు కూడా చెప్పింది. అతను సగం నిద్రలో "ఊఁ" అన్నాడు.

హాస్టల్ యజమానురాలు వేదవతి. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. భర్త రామారావు బ్యాంకులో రిటైరయ్యాడు. నవంబరులో పరీక్షలైపోయి పిల్లలంతా ఊళ్లకు వెళ్లినప్పుడు, భార్యాభర్తలు కాశీ, గయ యాత్ర పెట్టుకున్నారు. గయలో ఇద్దరి తల్లిదండ్రులకూ పిండాలు పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నారు. తోడు వస్తానన్న చెల్లెలు ఆఖరి నిమిషంలో రాలేనంది. వేదవతికి మోకాళ్ల నొప్పి. మెట్లెక్కాలన్నా దిగాలన్నా ఒకరి చెయ్యి ఉండాలి.

"ఎలీశమ్మా, నువ్వు వస్తావా మాతో? మీ ఇంట్లో ఏమీ అనుకోరు కదా" అని మొహమాటంగా అడిగింది.

"గయ అంటే బోధ్‌గయనా మేడమ్?"

"గయ వేరు, బోధ్‌గయ వేరు. దగ్గరే అనుకో. అదీ చూపిస్తామన్నాడు టూర్ వాళ్లబ్బాయి."

ఎలీశమ్మ చేతిలో ఉన్న గరిటె కడిగిందే మళ్లీ కడిగింది.

ఇంట్లో ఆనంద్ కుమార్ కాసేపు తల గోక్కున్నాడు. "మనం చర్చికి పోయెటోళ్లం. నువ్వు గా గుళ్లల్ల ఏం జేస్తవ్?"

"వాళ్ల పూజల కాడ నాకేం పని లేదు. వేదవతమ్మకు తోడు పోతున్న. బుద్ధుని గుడి ఉందంట, గది చూస్త."

"మన బస్తీల అంబేడ్కర్ సార్ ఫోటో పక్కన పెడ్తరు, గాయనేనా?"

"గాయనే."

ఆనంద్ కుమార్ ముఖం తేటపడింది. "అయితే పో. గా దిక్కు చలి ఎక్కువంట. నా స్వెటర్ తీస్కపో."

సికింద్రాబాద్‌లో రైలెక్కినప్పటి నుంచి ఎలీశమ్మ కిటికీ వదల్లేదు. పెద్ద నది వస్తే అదేం నది అని పక్కవాళ్లను అడిగేది. కాశీలో పడవ ఎక్కింది, మెట్లమీద వేదవతి చెయ్యి పట్టుకుని నడిపించింది. యాత్రలో ఉన్నవాళ్లంతా దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ చుట్టుపక్కల వాళ్లే. వాళ్లలో సంధ్యారాణి అనే ఆవిడ మొదటిరోజే పేరడిగింది. "ఎలీశమ్మ" అని చెప్పగానే "ఓహో" అని ఊరుకుంది. ఆ తర్వాత భోజనాల దగ్గర ఆవిడ రెండు కుర్చీలు అవతలే కూర్చునేది. ఎలీశమ్మ గమనించింది. పట్టించుకునే తీరికలో మాత్రం లేదు. ఎప్పుడెప్పుడు గయ వస్తుందా అని ఉంది ఆవిడకు.

గయలో పొద్దున్నే పిండాల కార్యక్రమం మొదలైంది. గుడి దగ్గరకొచ్చాక ఎలీశమ్మ తనంతట తానే ఆగిపోయింది. "నేను ఈడనే కూసుంట మేడమ్. చెప్పులు, బ్యాగులు చూస్త." వేదవతి ఏదో అనబోయి ఆగి, ఆవిడ భుజం తట్టి లోపలికి వెళ్లింది. కార్యక్రమం సాగుతూనే ఉంది. పంతులుగారు ఒక్కరు, కుటుంబాలు చాలా. ఎండ నెత్తిమీదకొచ్చి, పక్కకు వాలడం మొదలయ్యాకగానీ అందరూ బయటకు రాలేదు.

సత్రానికి తిరిగొచ్చి భోజనాలు చేస్తుండగా టూర్ మేనేజరు రామస్వామి లేచి నిలబడ్డాడు.

"చూడండీ, బాగా ఆలస్యమైపోయింది. రేపు పొద్దున్నే కాశీలో రైలు పట్టుకోవాలి. అంచేత బోధ్‌గయ ఈసారికి లేనట్టే. అందరూ కాసేపు విశ్రాంతి తీసుకోండి. పొద్దుగూకేలోపు బస్సు బయల్దేరుతుంది."

ఎవరూ పెద్దగా బాధపడలేదు. వచ్చిన పని అయిపోయింది, అందరూ అలిసిపోయారు. రామారావు గుండు తడుముకుంటూ అప్పుడే చాప మీద వాలాడు.

ఎలీశమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. ఆవిడ జీవితంలో తనకోసం తాను ఏదీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు చెయ్యి కడుక్కుని తిన్నగా రామస్వామి దగ్గరకు వెళ్లింది.

"సారు, గా బోధ్‌గయ ఎంత దూరముంటది?"

"ఆటోలో అయితే ముప్పావు గంట. ఎందుకు?"

"నేను పోయొస్త."

రామస్వామి ఆవిడను ఎగాదిగా చూశాడు. "పోతే పోమ్మా, నాకేం అభ్యంతరం లేదు. బస్సు మాత్రం ఎవరికోసం ఆగదు. ముందే చెబుతున్నా."

ఆ మాట విని వేదవతి కంగారుపడింది. "ఊరు కాని ఊరు. భాష రాదు. ఒక్కదానివీ ఎలా వెళతావే?"

"భాషకేముంది మేడమ్, ఉర్దూ వస్తది గద. కూరగాయల మార్కెట్‌ల రోజు మాట్లాడేదే."

వేదవతి కూర్చున్నచోటే మోకాలు నొక్కుకుంటూ ఒక్క క్షణం ఆలోచించింది. నిద్రలో ఉన్న భర్తను చూసింది. "ఉండు, నేనూ వస్తాను. నిన్ను పంపించి ఇక్కడ పడుకుంటే నాకు నిద్రెలా పడుతుంది?" అని చెప్పులు వెతుక్కుంది.

సత్రం బయట ఆటోవాడితో ఎలీశమ్మ బేరం మొదలుపెట్టింది. "భయ్యా, బోధ్‌గయ జానా, ఫిర్ వాపస్ ఆనా. జల్దీ." దారిలో అతను తెలిసిన దుకాణం దగ్గర ఆపబోతే "నక్కో భయ్యా, నక్కో" అంది. వద్దు అనడానికి హైదరాబాద్‌లో వాడే ఆ మాట అతను ఎప్పుడూ వినలేదు. ఏ ఊరని అడిగి తెలుసుకుని, తనలో తాను "నక్కో, నక్కో" అనుకుంటూ నవ్వుకుని బండి ఉరికించాడు. ముప్ఫై ఏళ్లు హైదరాబాద్‌లో ఉండి నాలుగు హిందీ ముక్కలు నేర్చుకోని వేదవతి కూడా నవ్వేసింది.

ఒక మలుపు తిరగగానే చెట్ల పైనుంచి గోపురం కనబడింది. మన గుళ్ల గోపురంలా కాదు. నాలుగు పలకలుగా నిటారుగా పైకి సన్నబడుతూ పోయింది, మూలల్లో నాలుగు పిల్ల గోపురాలు. ఎలీశమ్మ ఆటో కమ్మీ పట్టుకుని సగం బయటకు వంగింది.

"పడతావే" అని వేదవతి ఆవిడ కొంగు పట్టుకుంది.

"గదే మేడమ్. గదే."

గేటు దగ్గర ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరన్నారు. కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఎలీశమ్మ చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. గుడి ముందు నిలబడి వీడియో కాల్ చేస్తానని మౌనికకు మాటిచ్చింది. వేదవతికి ఇంకో దిగులు. మధ్యలో భర్త లేచి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు? ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సరే తియ్, కండ్లతోనే చూస్త" అని ఎలీశమ్మ ముందుగా ఫోన్ ఇచ్చేసింది.

లోపల మెట్లు దిగుతుంటే తేనెపట్టు దగ్గరకు వెళుతున్నట్టు ఒక హోరు వినిపించింది. ఒకచోట తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు, ఒకచోట మెరూన్ రంగువాళ్లు, ఇంకోచోట కాషాయం వాళ్లు, ఎవరి భాషలో వాళ్లు చదువుతున్నారు. కొందరు చెక్కల మీద నిలువునా పడుకుని లేచి, మళ్లీ పడుకుని మొక్కుతున్నారు. ముసలివాళ్లు కూడా. ఎవరూ ఎవర్నీ పేరు అడగడం లేదు. గేటు దగ్గర ఒళ్లు తడిమి పంపించారు తప్ప నువ్వెవరు అని ఎలీశమ్మను అడిగినవాళ్లు లేరు. ఆవిడ కాళ్లు వాటంతట అవే వేగంగా పడుతున్నాయి. వేదవతి చెయ్యి పట్టుకున్న సంగతి గుర్తొచ్చి మళ్లీ తగ్గించుకుంటోంది.

వరసలో నడిచి లోపలికి వెళితే బంగారు రంగు బుద్ధుడు. పైన పట్టుబట్ట కప్పారు. ఇక్కడ ఏం చెయ్యాలో ఎలీశమ్మకు తెలియలేదు. వెనకనుంచి జనం నెడుతున్నారు. తల వంచి, రోజూ స్టవ్ వెలిగించే ముందు చేసుకునే ప్రార్థనే చేసుకుంది. 'ప్రభువా, ఈ పూట తినెటోళ్లందరికి సరిపోయేటట్టు చూడు.' కళ్లు తెరిచేసరికి వరస ముందుకు జరిగిపోయింది.

గుడి వెనక్కి వెళ్లగానే చెట్టు. కొమ్మలు బరువుకు వంగకుండా ఇనుప కర్రలు ఆనించారు. చుట్టూ రాతి కంచె. కంచె సందుల్లోంచి ఆయన కూర్చున్న చోటు కనబడుతోంది. ఎలీశమ్మ కంచె సందుకు ముఖం ఆనించింది.

"గీడనే మేడమ్. గీడనే కూసున్నడు. నేను చదవలే, ఏం లే, వినుడే విన్న. నిజంగనే ఉంది."

అంతలో గాలి వచ్చి పైనుంచి ఒక ఆకు ఊగుతూ రాలింది. కింద కూర్చున్నవాళ్లంతా తలెత్తారు. ఆకు దొరకడం అదృష్టమట. ఎలీశమ్మ చిన్నపిల్లలా ఒక్క గంతు వేసింది. పక్కనుంచి గుండు చేయించుకున్న ఒక సన్యాసిని అంతకంటే పెద్ద గంతు వేసి ఆకు పట్టేసింది. ఆవిడ ఏ దేశమో, వయసు మాత్రం అరవై దాటి ఉంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వారు. ఇద్దరి భాషల్లో ఒక్క మాట కూడా కలవదు.

వేదవతి కంచె పక్కన గోడకు ఆనుకుని కూలబడింది. ఎలీశమ్మ దగ్గరకు వెళ్లి చూస్తే ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది.

"పొద్దున మా అమ్మకి పిండం పెడుతుంటే ఏడుపు రాలేదు. ఎంతసేపూ పంతులుగారు చెప్పింది సరిగ్గా చేశామా లేదా అనే ధ్యాస. ఇక్కడికొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది మా అమ్మ."

ఎలీశమ్మ నీళ్ల సీసా మూత తీసి ఇచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి వేదవతి తేరుకుని "ఇంకేం చూడాలి?" అంది.

ఎలీశమ్మ తటపటాయించింది. ఎండ పసుపు రంగుకు తిరిగింది. బస్సు సంగతి ఆవిడకూ గుర్తుంది. అయినా మాట ఆగలేదు. "పాయసం పెట్టిన సుజాత ఊరు గీడనే ఉందంట. ఆటో ఆయన్ని అడిగిన. ఏరు దాటితే వస్తదంట. కానీ టైమ్ లేదు మేడమ్. పోదాం పా."

వేదవతి గోడ పట్టుకుని లేచింది. "ఎక్కడికి, సత్రానికా? ఇంతదూరం నన్ను పరుగెత్తించి ఇప్పుడు వంటావిడ ఊరు చూడకుండా వెళ్దామంటావా? నడు. బస్సు పోతే ఇంకో బండి మాట్లాడుకుందాం."

టోకెన్లు ఇచ్చి ఫోన్లు తీసుకునే సమయంలో కూడా ఇద్దరూ స్క్రీన్ చూసుకోలేదు. చూస్తే ధైర్యం పోతుందని ఇద్దరికీ తెలుసు. ఆటో వంతెన ఎక్కింది. కింద ఏరంతా ఇసుకే, ఒక పక్కన సన్నటి నీటిపాయ. అవతల గడ్డివాములు, గోడలకు కొట్టిన పిడకలు, నెమరు వేస్తున్న గేదెలు. ఎలీశమ్మకు తన ఊరికే వచ్చినట్టనిపించింది.

ఊరి మొదట్లో పాత ఇటుకల పెద్ద దిబ్బ ఉంది. సుజాత ఇల్లు ఉన్నచోట కట్టిన స్తూపమని చెబుతారట. కాస్త ముందుకెళితే చిన్న గుడి. లోపల బొమ్మలు రంగులేసి ఉన్నాయి. ఎముకలు తేలిన బుద్ధుడు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆయన ముందు చేతుల్లో గిన్నె పట్టుకుని సుజాత.

ఎలీశమ్మ బొమ్మ ముందు నిలబడిపోయింది. ఈ యాత్రలో ఎన్నో విగ్రహాలు చూసింది. చేతుల్లో శంఖం, చక్రం, కత్తి, పువ్వు. వంటగిన్నె పట్టుకున్న మనిషిని చూడటం ఇదే మొదలు.

గుడి ముందు ఊడుస్తున్న ఆవిడను ఎలీశమ్మ తన హిందీలో అడిగింది, మీ ఊళ్లో పాయసం ఎట్ల చేస్తారని. ఆవిడ చీపురు పక్కన పెట్టి చేతులు తిప్పుతూ చెప్పింది. ముందు పాలు బాగా మరగాలి, చిక్కబడాలి. బియ్యం అందులోనే ఉడకాలి. బెల్లం మాత్రం దించాకే. లేకపోతే పాలు విరుగుతాయి.

"మేడమ్, నేను గట్లనే చేస్త" అంది ఎలీశమ్మ, వేదవతి వైపు తిరిగి. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "బెల్లం దించినంకనే ఏస్త."

వేదవతి ఫోన్ తీసి సుజాత పక్కన ఎలీశమ్మను నిలబెట్టి ఫోటో తీసింది. అప్పుడు కనబడ్డాయి స్క్రీన్ మీద రామారావు చేసిన కాల్స్, వరసగా. ఇద్దరూ ఆటో వైపు పరుగు తీశారు. మోకాళ్ల నొప్పి సంగతి వేదవతికి ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చింది.

సత్రం దగ్గర బస్సు ఇంజను నడుస్తోంది. రామారావు తలుపు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి నిలబడి ఉన్నాడు. తన భార్య వచ్చేలోపు బస్సు కదిలితే తన కాలు మీదుగా కదలాలని రామస్వామికి చెప్పాడట. "ఫోన్ ఎత్తవేమిటే? ఏమైపోయారనుకోవాలి?" అని అరిచాడు.

"తప్పు నాదండీ. లోపలికి ఫోన్లు పోనివ్వరు" అంది వేదవతి. తర్వాత బస్సెక్కి, విసుగ్గా చూస్తున్నవాళ్లందరికీ చేతులు జోడించింది. "మీకు ఆలస్యం చేశాం, క్షమించండి. మీరూ వచ్చుంటే బాగుండేది. అలాంటి చోటు వదిలేసి వెళ్లిపోతున్నాం మనం."

ఊరు దాటాక వెనక సీటులోంచి ఎవరో అడిగారు. "ఏముందమ్మా అక్కడ?"

వేదవతి "చెప్పవే" అన్నట్టు ఎలీశమ్మను చూసింది. ఎలీశమ్మ లేచి పైన కమ్మీ పట్టుకుని నిలబడింది. మొదట రెండు మాటలు తడబడింది. తర్వాత ఇక ఆగలేదు. గోపురం, తేనెపట్టు హోరు, కర్రలు ఆనించిన చెట్టు, తన చేతికి అందకుండా పోయిన ఆకు, గిన్నె పట్టుకున్న సుజాత. బస్సు గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఆవిడా ఎగురుతూ చెబుతూనే ఉంది. ఆకు కథ దగ్గర రామస్వామి కూడా డ్రైవరు పక్కనుంచి వెనక్కి తిరిగి నవ్వాడు.

చెప్పడం అయ్యాక సంధ్యారాణి తన పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఎంతసేపు నిలబడతావ్, ఇలా కూర్చో. ఆ బియ్యం పాయసం గురించి మళ్లీ చెప్పు, సరిగ్గా వినపడలేదు" అంది.

ఎలీశమ్మ కూర్చుంది.

పిల్లలు హాస్టల్‌కు తిరిగొచ్చాక పదిరోజులదాకా భోజనాల హాల్లో ఇదే ముచ్చట. వీడియో కాల్ చెయ్యలేదని మౌనిక మొదట అలిగింది, తర్వాత ఒక్కొక్కటీ గుచ్చి గుచ్చి అడిగింది. ఆ ప్రశ్నల మధ్యే ఒకరోజు ఆ అమ్మాయి చెప్పింది. బోధ్‌గయ దాకా ఎందుకు, మన సాగర్ రోడ్డు చివరనే నాగార్జునకొండ ఉందని, అక్కడి పాత బౌద్ధ కట్టడాల శిల్పాలు మ్యూజియంలో పెట్టారని.

"మన సాగర్ రోడ్డా? తుర్కయంజాల్ మీదికెళ్లి పోతది, గదేనా?" అంది ఎలీశమ్మ. పుట్టినప్పటి నుంచి ఆ రోడ్డు మీద తిరిగిన మనిషి, చివరిదాకా ఎప్పుడూ వెళ్లలేదు.

ఆ మాట వేదవతి చెవిన కూడా పడింది. సంక్రాంతి సెలవులు, పరీక్షల హడావిడి అంతా గడిచాక ఒక రెండో శనివారం మినీ బస్సు మాట్లాడారు. ఆదివారమైతే ఎలీశమ్మ చర్చి మానదు. పిల్లలు, వేదవతి, రామారావు, స్వెటర్ అక్కర్లేని ఎండలో ఆనంద్ కుమార్ కూడా. పులిహోర డబ్బాలు ఎలీశమ్మ తన కాళ్ల దగ్గరే పెట్టుకుంది.

సాగర్‌లో లాంచీ ఎక్కారు. నీళ్లు ఎంత దూరం చూసినా నీళ్లే. ఆనంద్ కుమార్‌కు ఈత రాదు, కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. దూరంగా కొండ కనబడగానే ఎలీశమ్మ లాంచీ ముందు భాగానికి నడిచింది.

"జర కూసో, పడ్తవ్" అన్నాడతను. "గక్కడ ఏమున్నదని గంత తొందర?"

"నాకు మాత్రం ఏం తెల్సు? దిగి చూద్దం."

లాంచీ ఒడ్డుకు ఆనుతుండగానే పిల్లలందరి కంటే ముందు ఆవిడే దిగి, వేదవతికి చెయ్యి అందించింది.